గాలికి ఊరుండేది

రామేశ్వరం వెళ్లొచ్చామంటే ఎవరైనా ఏమడగాలి? 22 తీర్థాల్లోనూ తలస్నానం చేశారా అని అడగాలి. కాశీ ఎప్పుడు వెళతారని అడగాలి. మా మనవరాలి స్నేహితులు అడిగింది ఒక్కటే: "గాలి ఎంతుంది?" దాన్ని నాట్స్‌లో చెప్పాలట. పద్నాలుగంటే పెదవి విరుస్తారు, ఇరవై రెండంటే కళ్లు మెరుస్తాయి. ఇరవై రెండంటే వాళ్లకు గాలి వేగం. బావుల సంగతి ఒక్కరికీ తెలియదు.

ఈ ఆటను కైట్ సర్ఫింగ్ అంటారు. పెద్ద గాలిపటాన్ని ఆకాశంలోకి లేపి, దాని తాళ్లను నడుముకు బిగించిన పట్టాకు తగిలించుకుని, కాళ్ల కింద పలక పెట్టుకుని, గాలి లాగుతుంటే నీళ్ల మీద జారిపోవడం. మా మనవరాలు బెంగళూరులో ఉద్యోగం చేస్తుంది. ఆషాఢంలో సెలవు పెట్టి రామేశ్వరం బయల్దేరుతూ నాకు ఫోన్ చేసింది. "తాతయ్యా, నువ్వూ రా. నువ్వు గుడికెళ్లు, నేను సముద్రానికెళ్తాను. ఇద్దరం ఒకే హోటల్లో ఉందాం" అంది. పిల్ల ప్రేమగానే పిలిచింది, ప్రేమగానే చూసుకుంది కూడా. కానీ ఆ మాట దగ్గరే నాకు మొదటి ముల్లు గుచ్చుకుంది. రామేశ్వరంలో గుడీ సముద్రమూ రెండు వేర్వేరు ప్రయాణాలు ఎప్పటి నుంచి అయ్యాయి? అక్కడ గుడికి వెళ్లేవాడు ముందు సముద్రంలోనే మునుగుతాడు. అగ్నితీర్థం అంటే సముద్రమే. ఆ తడిబట్టలతో లోపలికి నడిచి, బావి తర్వాత బావి దగ్గర నెత్తిన నీళ్లు పోయించుకుని, అప్పుడు స్వామి దగ్గరికి. మా రోజుల్లో సముద్రం ఆ యాత్రకు మొదటి మెట్టు. ఇప్పుడది హోటలు గది కిటికీలో కనిపించే బొమ్మ, లేకపోతే ఆటస్థలం.

నేను మొదటిసారి రామేశ్వరం వెళ్లింది 1978లో, మా అమ్మను తీసుకుని. మాది దివిసీమ. అంతకు ముందు ఏడాది, 1977 నవంబరు 19న మా మీదికి ఉప్పెన వచ్చింది. దాని గురించి తెలియని తెలుగువాడు ఉండకూడదు గానీ ఇప్పటి పిల్లలకు తెలియదు, అందుకే చెప్తున్నాను. శనివారం. పొద్దుటి నుంచీ గాలి. తర్వాత తాటిచెట్టంత ఎత్తున నీళ్లు వచ్చాయని ఆనాడు బతికినవాళ్లు చెప్పేవాళ్లు. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్లు ఊళ్లుగా మిగల్లేదు. పోయినవాళ్లు పదివేల మంది అని సర్కారు లెక్క. అంతకంటే ఎక్కువన్నది మా నమ్మకం, ఎందుకంటే లెక్కపెట్టడానికి ఇంటికొకరైనా మిగలాలి కదా. మా అమ్మ పుట్టింటివాళ్లలో కొందరికి కర్మ చేయడానికి కూడా దేహం దొరకలేదు. సేతువు దగ్గర పిండం పెడితే వాళ్లకు చేరుతుందని ఎవరో చెప్పారు. అందుకు బయల్దేరాం.

బెజవాడ నుంచి మద్రాసు సెంట్రల్. అక్కడ దిగి, సామాన్లు మోసుకుని ఎగ్మూరు స్టేషన్‌కు. అక్కడి నుంచి మీటర్‌గేజి బండి. బియ్యం, కందిపొడి, ఆవకాయ, కిరసనాయిలు స్టవ్వు, చెంబు, చాప, అన్నీ వెంట ఉండేవి. రామేశ్వరం దీవికి అప్పుడు రోడ్డు వంతెన లేదు. అది 1988లో వచ్చింది. ఉన్నది 1914 నాటి పాంబన్ రైలు వంతెన ఒక్కటే. బండి దాని మీదికి ఎక్కగానే పెట్టెలో మాటలు ఆగిపోయేవి. రెండు పక్కలా కమ్ములు లేవు, కింద సముద్రం, బండి నడక కంటే కొంచెం వేగంగా వెళ్లేది. గాలి గంటకు 58 కిలోమీటర్లు దాటితే ఆ వంతెన మీద సిగ్నల్ ఎర్రగా మారి బండి ఆగిపోయే ఏర్పాటు చేశారు. అంటే రామేశ్వరానికి ఎప్పుడు చేరతామన్నది టైంటేబుల్ ఒక్కటే చెప్పేది కాదు, గాలి కూడా ఒప్పుకోవాలి. పెట్టెలో ఉన్న ప్రతివాడికీ, ఏ భాషవాడికైనా, ఆ గాలి ఎటు నుంచి వస్తున్నదో తెలిసేది. అందరం ఒకే కిటికీ వైపు చూసేవాళ్లం.

ఆ 58 కిలోమీటర్లను మా మనవరాలు లెక్కకట్టి చెప్పింది: ముప్పై ఒక నాట్స్. అంత గాలిలో కూడా బాగా వచ్చినవాళ్లు చిన్న గాలిపటం కట్టుకుని దిగుతారట. రైలును ఆపే గాలిలో మనిషి దిగుతున్నాడన్నమాట. ధైర్యానికి నేను ముచ్చటపడ్డాను, దాచుకోను.

ఆ గాలిపటం మీద కూడా నాకు కోపం లేదు. నేను ఒడ్డున కూర్చుని గంటల తరబడి చూశాను, చేత్తో పట్టుకుని చూశాను. పన్నెండు చదరపు మీటర్ల గుడ్డ. ముందంచులో పొడుగ్గా ఒక గొట్టం ఉంటుంది, దానికి పంపుతో గాలి కొడితే విల్లులా బిగుసుకుంటుంది. నీళ్లలో పడితే మునగదు, తాడు లాగితే మళ్లీ లేస్తుంది. ఆ ఉపాయం కనిపెట్టింది ఫ్రాన్సులో బ్రిటనీ తీరానికి చెందిన లెగెన్యూ సోదరులు, బ్రూనో, డొమినిక్. 1984లో దానికి పేటెంటు తీసుకున్నారు. లోకం దాన్ని పట్టించుకోవడానికి ఇంకో పదేళ్లకు పైగా పట్టింది. వాళ్లకంటే ముందు 1903లో కోడీ అనే ఆయన గాలిపటాలు లాగే పడవలో ఇంగ్లీషు చానెల్ దాటాడు. గాలిని తాడుకు కట్టి పని చేయించుకోవాలన్న కోరిక అంత పాతది. 2024లో ఒలింపిక్స్‌లో కూడా పెట్టారు. పారిస్ ఒలింపిక్సే అయినా ఆ పోటీలు జరిగింది మార్సేయ్ సముద్రంలో. చేతనైన పని అది. గాలి వేగం రెండింతలైతే లాగే బలం నాలుగింతలవుతుంది. ఇరవై చిల్లర మీటర్ల తాళ్ల చివర ఆ బలాన్ని ఒక చేతికర్రతో అదుపు చేయాలి. అదుపు తప్పితే తటాలున విడిపించుకునే మీట ఒకటి ఉంటుంది, దాన్ని ఎప్పుడు నొక్కాలో తెలియడమే సగం చదువు. మా మనవరాలు పడింది, ఉప్పునీళ్లు మింగింది, మళ్లీ లేచింది. మూడో నాటికి గాలికి అడ్డంగా ఇటు నుంచి అటు వెళ్లి, తిరిగి అదే చోటికి వచ్చింది. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనే ముందు.

నా గొడవ అంతా మిగతా దానితో.

హోటల్ సంగతి ముందు చెప్తాను. సముద్రం ఒడ్డున కట్టారు. కొబ్బరిచెట్లు, ఇసుక, అన్నీ ఉన్నాయి. గదికి ఒక వైపు గోడంతా అద్దమే. ఆ అద్దం తెరుచుకోదు! గాలి కోసం దేశం నలుమూలల నుంచి వచ్చినవాళ్లు, ఆ గాలిని బయట నిలబెట్టి, లోపల మిషన్ గాలిలో దుప్పటి కప్పుకుని పడుకుంటున్నారు. తలుపు తీసి పెట్టమంటే ఉప్పుగాలికి సామాన్లు పాడవుతాయన్నారు. మా రోజుల్లో తెలుగువాళ్ల సత్రం వరండాలో చాప వేసుకుంటే రాత్రంతా గాలి మీదుగా నడిచి వెళ్లేది. తెల్లవారుజామున అది చల్లబడటం, పొద్దెక్కేసరికి దిక్కు మారడం, ఒంటికే తెలిసేది. ఇక్కడ పొద్దున్నే లేచి ఫోన్ చూస్తే గాని బయట ఏముందో తెలియదు.

సముద్రం పక్కనే ఈతకొలను ఒకటి. దీని మీద నేను ఎంత కోప్పడినా తక్కువే. రామేశ్వరం ఇసుకదీవి. అక్కడ మంచినీళ్లంటే వానకు ఇసుకలో ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద పలచగా నిలిచే నీళ్లే. ధనుష్కోటిలో ఆడవాళ్లు ఈనాటికీ ఒడ్డుకు దగ్గరలో ఇసుకను చేత్తో తవ్వి, ఊరిన నీళ్లను గిన్నెతో తోడుకుని బిందె నింపుకుంటారు. సముద్రానికి అంత దగ్గరలో తీపి నీళ్లు ఊరడం చూసే మన పెద్దలు ఆ నీళ్లను తీర్థమన్నారు. 22 బావుల నీళ్లు 22 రుచులని మా అమ్మ అనేది. ఒక్కో బావి దగ్గర చెంబెడు నీళ్లే పోసేవాళ్లు, ఆ చెంబెడుకే చేతులు జోడించేవాళ్లం. అలాంటి దీవిలో ట్యాంకర్లతో తెచ్చిన మంచినీళ్లను నీలం పలకల గుంటలో పోసి, పక్కన సముద్రం పెట్టుకుని, అందులో ఈదుతున్నారు. గాలిపటాలకూ పట్టాలకూ పట్టిన ఉప్పు కడగాలి, లేకపోతే పాడవుతాయి. ఆ నీళ్లు ఖర్చు కావాల్సిందే, ఒప్పుకుంటాను. కొలనుకు మాత్రం నా దగ్గర మన్నింపు లేదు.

ఇక గాలి. ధనుష్కోటి దారి పొడుగునా భూమి సన్నటి నాలుకలా సముద్రంలోకి వెళుతుంది. ఒక పక్క పాక్ జలసంధి వైపు నీళ్లు, ఇంకో పక్క మన్నార్ సింధుశాఖ. అక్కడి జాలర్లు మన్నార్ వైపును మగ సముద్రమంటారు, పాక్ వైపును ఆడ సముద్రమంటారు. ఒకటి ఎగసిపడుతుంది, ఒకటి మెల్లగా ఉంటుంది. ఎండాకాలం చివర మొదలై నైరుతి గాలి మన్నార్ మీదుగా వచ్చి ఆ ఒడ్డుకు కొడుతుంది. చలికాలంలో ఈశాన్యపు గాలి రెండో పక్క నుంచి వస్తుంది. అందుకే ఏడాదిలో చాలా నెలలు ఏదో ఒక ఒడ్డున ఈ ఆటకు వీలుంటుంది. గాలి ఒడ్డు వైపుకు గాని, ఒడ్డు వెంబడి గాని వీస్తున్నప్పుడే దిగాలి. ఒడ్డు నుంచి సముద్రంలోకి వీచేటప్పుడు దిగితే తిరిగి రావడం కష్టం. ఇదంతా ఆ పాఠం చెప్పేవాళ్లు శుభ్రంగా చెప్పారు. చెప్పనిది ఏమిటంటే, ఆ గాలులకు అక్కడ పేర్లున్నాయని. ఉత్తరపు గాలి వాడై, తూర్పు గాలి కొండల్, పడమటి వైపు నుంచి వచ్చేది కచ్చాన్. ఏ గాలికి ఏ చేప దొరుకుతుందో, ఏ గాలిలో ఏ వల వేయాలో ఆ పేర్లతోనే వాళ్లు పిల్లలకు నేర్పుకుంటారు. మా దివిలోనూ అంతే. ఎండాకాలం సాయంత్రం పైరగాలి రాకపోతే ముసలాళ్లు అరుగు మీద ఆ మాటే మాట్లాడుకునేవాళ్లు. తూర్పుగాలి ఆగకుండా వీస్తే కుప్పల మీద పట్టాలు కప్పేవాళ్లు. పేరున్న గాలితో మనిషికి చుట్టరికం ఉంటుంది. నాట్స్‌లో మాత్రమే తెలిసిన గాలి వచ్చిందా లేదా అన్నంత వరకే.

ఫోన్‌లో గాలి చూడటాన్ని నేను తప్పుపడుతున్నానని మా అబ్బాయి అనుకున్నాడు. కాదు. ఆ మాట మా ఊళ్లో అనగలిగే ముసలివాడు ఒక్కడు కూడా లేడు. 1977లో మాకు సముద్రం ఎంత ఎత్తున వస్తుందో ముందుగా చెప్పే దిక్కు లేకపోయింది. చెప్పినా ఊళ్లకు ఊళ్లను తరలించే ఏర్పాటు లేదు. 2014లో హుద్‌హుద్ తుపాను విశాఖ మీదికి వచ్చేసరికి అది ఎక్కడ తీరం దాటుతుందో ముందే చెప్పారు, ఎంతోమందిని ముందే ఖాళీ చేయించారు. ఉపగ్రహం, రాడారు, ఫోను, ఇవన్నీ మాకు ఆనాడు ఉంటే మా అమ్మ పుట్టిల్లు మిగిలేది. కాబట్టి హెచ్చరిక విషయంలో మా రోజులు మంచివని నేను చచ్చినా అనను. నా బాధ ఇంకొకటి. అంత కచ్చితంగా గాలిని చెప్పే ఫోన్ చేతిలో పెట్టుకుని, అదే గాలి తాము నిలబడ్డ చోట ఏం చేసిందో తెలియకుండా మనుషులు వచ్చి వెళ్లిపోతున్నారు.

ధనుష్కోటి ఒకప్పుడు ఊరు. స్టేషను, తపాలా ఆఫీసు, చర్చి, బడి, ఓడరేవు, అన్నీ ఉన్న ఊరు. మద్రాసు నుంచి రైలు దిగినవాళ్లు అక్కడే ఓడెక్కి, ముప్పై కిలోమీటర్ల లోపే ఉన్న తలైమన్నార్ చేరి, మళ్లీ రైలెక్కి కొలంబో వెళ్లేవాళ్లు. 1964 డిసెంబరు 22 రాత్రి తుపాను వచ్చింది. పాంబన్ నుంచి వస్తున్న ప్యాసింజరు బండి ఇంకాసేపట్లో ధనుష్కోటి చేరుతుందనగా అల దాన్ని ఈడ్చుకుపోయింది. వందకు పైగా మనుషులు, ఒక్కరూ మిగల్లేదు. ఊరు పోయింది. ఇక నివాసానికి పనికిరాదని సర్కారు తేల్చేసింది. పాంబన్ వంతెన కూడా దెబ్బతింటే శ్రీధరన్ అనే యువ ఇంజినీరు, తర్వాత ఢిల్లీ మెట్రో కట్టినాయన, దాన్ని 46 రోజుల్లో మళ్లీ నిలబెట్టాడు. ఊరిని నిలబెట్టగలిగినవాళ్లు లేరు.

1978లో మేము అక్కడికి వెళ్లినప్పుడు చివరి మైళ్లకు రోడ్డు లేదు. తడి ఇసుకలో నడక. పగిలిన చర్చి గోడల దగ్గర జాలరి ఆడమనిషి ఒకావిడ ఎండుచేపలు ఆరేసుకుంటున్నది. మా అమ్మకు అరవం రాదు, ఆవిడకు తెలుగు రాదు. మమ్మల్ని తీసుకువచ్చిన మనిషి ఆవిడతో ఏదో అన్నాడు, వీళ్లూ తుపానువాళ్లే అని కాబోలు. ఆవిడ లేచి వచ్చి గోడ మీద చెయ్యి పెట్టి నీళ్లు ఎంతదాకా వచ్చాయో చూపించింది. మా అమ్మ చెయ్యెత్తి, చాలక, కాలివేళ్ల మీద లేచి, మా ఇంటి దగ్గర ఎంతదాకా వచ్చాయో చూపించింది. తర్వాత ఇద్దరూ ఇసుకలో కూర్చున్నారు. ఆవిడ ఇచ్చిన నీళ్లు తాగి మేము పిండం పెట్టడానికి రెండు సముద్రాలు కలిసే సంగమం దగ్గరికి వెళ్లాం. ఆ మంచినీళ్లు ఎక్కడివో నాకు అప్పుడు తెలియదు. ఇసుకలో తవ్వి తోడినవని తర్వాత తెలిసింది.

మా రోజుల్లో ఏ ఒడ్డుకు వెళ్లినా అక్కడి మనుషుల మీద ఆధారపడక తప్పేది కాదు. దారి వాళ్లే చెప్పాలి, నీళ్లు వాళ్లే ఇవ్వాలి, ఎక్కడ దిగొచ్చో ఎక్కడ దిగకూడదో వాళ్లే చెప్పాలి. అది సౌకర్యం లేకపోవడమే, సందేహం లేదు. కానీ దాని వల్ల పరిచయం కలిగేది. ఇప్పుడు మదురైలో విమానం దిగితే కారు, కారు దిగితే హోటల్, హోటల్ దిగితే ఆట. 2017 నుంచి ధనుష్కోటి చివరనున్న అరిచల్‌మునై కొస దాకా తారురోడ్డు. దారిలో ఆ చర్చి గోడల దగ్గర ఆపుకుని ఫొటో తీసుకుంటారు. ఇక్కడ ఏం జరిగిందని మా మనవరాలి జట్టులో ఒకబ్బాయిని అడిగాను. "ఏదో పాత ఊరట అంకుల్, సునామీ వచ్చిందట" అన్నాడు. సునామీ 2004లో. ఇది నలభై ఏళ్ల ముందు, తుపాను. వాడి తప్పు కూడా కాదు; వాడికి చెప్పినవాళ్లు లేరు. హోటల్ ఇచ్చిన రంగుల కాగితంలో ఏ వంట ఏ పూట దొరుకుతుందో ఉంది, గాలిపటం అద్దె ఎంతో ఉంది, సూర్యోదయం ఎన్నింటికో ఉంది. 1964 లేదు.

ఇంకో సంగతి నన్ను రాత్రి నిద్రపోనివ్వలేదు. గాలిపటం లేపేటప్పుడు, దించేటప్పుడు ఒడ్డున ఒక మనిషి పట్టుకోవాలి. ఆ పని చేసే కుర్రాడు జాలరి ఇంటివాడు. యాత్రికులతో మాట్లాడి మాట్లాడి తెలుగు కొంచెం వచ్చు. వాళ్ల తాత తెరచాప పడవ నడిపాడు. వాళ్ల నాన్న ఇంజను పడవ నడుపుతాడు. వీడు గాలిపటం పట్టుకుంటాడు. సముద్రం రంగు చూసి, గాలి ఇంకో గంటకు పెరుగుతుందని వాడు చెప్పడం నేను విన్నాను. గంట కాకముందే పెరిగింది. అందరూ పెద్ద గాలిపటం దించి చిన్నది పంపు కొట్టుకుంటూ ఫోన్ చూసి, అవును పెరిగింది అన్నారు. వాడి వంక ఎవరూ చూడలేదు.

మా తీరంలో తెరచాపలు పోవడం నా కళ్లముందే జరిగింది. శాతవాహనులు నాణెం మీద ఓడ బొమ్మ వేసుకున్న నేల మనది. కోరంగిలో ఓడలు కట్టేవాళ్లు. నా చిన్నతనంలో నాగాయలంక వైపు తెల్ల తెరచాపలు వరసగా వచ్చేవి, దూరం నుంచి చూసి ఎవరి నావో చెప్పగలిగేవాళ్లం. ఇంజన్లు వచ్చాక తెరచాప వేసుకునేవాణ్ని డబ్బు లేనివాడిగా చూశారు. గాలిని వాలుగా పట్టి ఎదురు వెళ్లడం, దిక్కు మారితే గుడ్డ ఎలా తిప్పాలో చూసుకోవడం, ఆ విద్య ఒక తరంలో మాయమైంది. ఇప్పుడు అదే విద్య, అదే గాలి, అదే వాలు, లక్ష రూపాయలు దాటిన గుడ్డతో తిరిగి వచ్చింది. నేర్చుకునేవాడు బెంగళూరువాడు, నేర్పేవాడికి విదేశీ సర్టిఫికెట్టు. తెరచాప ఇంట పుట్టినవాడు ఒడ్డున నిలబడి పట్టుకునేవాడు. ఆ సర్టిఫికెట్టు నువ్వూ తెచ్చుకోవచ్చు కదా అని వాణ్ని అడిగాను. "డబ్బు కట్టాలి అయ్యా, ఇంగ్లీషులో రాయాలి" అన్నాడు. సముద్రానికి అవతల శ్రీలంకలో కల్పిటియ ఉంది, అక్కడా ఇదే గాలికి ఇదే ఆట. అక్కడ ఊళ్లో కుర్రాళ్లు చాలామంది నేర్చుకుని నేర్పేవాళ్లయ్యారని మా మనవరాలు చెప్పింది. అయితే ఇక్కడా కావచ్చు.

గాలి ఒకటే అయినా అది అందరినీ ఒకలా చూడదు. మా మనవరాలి జట్టులో ఒకమ్మాయి తాడు చిక్కుపడి దూరం కొట్టుకుపోతే హోటల్ మోటారు పడవ వెళ్లి తెచ్చింది, రాగానే తువ్వాలు కప్పి నిమ్మరసం ఇచ్చారు. మంచిదే, అలాగే చేయాలి. ఆ కుర్రాడి మేనమామ వాళ్లు అదే నీళ్లలో సరిహద్దు దాటారని శ్రీలంక నౌకాదళం పట్టుకుపోయింది. నెలల తర్వాత మనుషులు తిరిగి వచ్చారు, పడవ రాలేదు. రామేశ్వరంలో ఇలాంటి ఇల్లు ఏ వీధిలో అడిగినా ఉంటుంది. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు చేపలు గుడ్లు పెట్టే కాలమని మర పడవలు కట్టేస్తారు, మా వైపు కూడా ఇదే నియమం. ఆ రోజుల్లో ఆ ఇళ్లలో పొయ్యి ఎలా వెలుగుతుందో, ఆ ఒడ్డునే గాలి బాగుందని సంబరపడేవాళ్లకు తెలియాలని నేను కోరుకోవడం అత్యాశా?

కింద నీళ్ల సంగతీ అంతే. మన్నార్ వైపు 21 దీవులను 1986లో సముద్ర జాతీయవనం చేశారు. పాక్ వైపు సముద్రపు గడ్డి మేసే సముద్రపు ఆవుల కోసం 2022లో రక్షిత ప్రాంతం ప్రకటించారు. మోకాలి లోతు నీళ్లలో నిలబడి పాఠం నేర్చుకునేవాళ్లకు, కాలి కింద ఉన్న గడ్డి ఒక జంతువు అన్నమని ముందు రోజే చెప్పాలి.

మా మనవరాలితో ఇదంతా అన్నాను. అది వాదించే పిల్ల. "తాతయ్యా, నేను ఆడుకోవడానికి వచ్చాను. ప్రతి చోటా చనిపోయినవాళ్లను తలుచుకుంటూ ఉంటే ఎవరూ ఎక్కడికీ వెళ్లలేరు" అంది. నేను ఒప్పుకోలేదు. 1978లో మేము ఏడవడానికే వెళ్లాం, అయినా మా అమ్మ ఆ ఇసుకలో గవ్వలు ఏరుకుంది, సముద్రంలో చిన్నపిల్లలా ఎగిరింది, సత్రంలో ఆ పూట కడుపునిండా తిన్నది. తెలిసి ఆడుకోవడం వేరు. దాని సంతోషం తగ్గదు. ఆ మాట అన్నాక అది కాసేపు ఊరుకుని, మర్నాడు పొద్దున నన్ను చర్చి గోడల దగ్గరికి తీసుకెళ్లమంది. మా అమ్మా ఆవిడా నిలబడ్డ గోడ ఏదో నేను చెప్పలేకపోయాను, ఇసుక అంతా మారిపోయింది. నీళ్లు ఎంత ఎత్తున వచ్చాయో ఆ కుర్రాడు వచ్చి చూపించాడు. వాళ్ల అమ్మమ్మ చెప్పిందట. జట్టులో మిగతావాళ్లు కూడా వచ్చారు, సునామీ అన్న అబ్బాయితో సహా.

తిరిగి వచ్చేముందు హోటల్ మేనేజరు దగ్గర కూర్చున్నాను. మూడు విషయాలు అడిగాను. గాలిపటాలు కట్టే పాక దగ్గర 1964 గురించి, ఆ రైలు గురించి ఒక బోర్డు. ఏడాదికి ఇద్దరు ఊరి పిల్లలకు సర్టిఫికెట్టు ఖర్చు. ఈతకొలను మూత. మొదటి దానికి ఆయన, సెలవుకి వచ్చినవాళ్ల మనసు చెడుతుంది సార్ అన్నారు. రెండోది పైవాళ్లను అడగాలన్నారు. మూడో దానికి నవ్వారు. నేను నవ్వలేదు. బోర్డు మీద రాయాల్సింది నేనే తెలుగులో రాసిచ్చాను, మా మనవరాలు ఇంగ్లీషు చేసింది, ఆ కుర్రాడు తమిళంలో చెబితే వాళ్ల చెల్లెలు రాసింది. మూడు కాగితాలూ ఆ ఆఫీసులో ఉన్నాయి. మళ్లీ డిసెంబరులో ఈశాన్యపు గాలికి వస్తామని పిల్లలు గదులు చెప్పుకున్నారు, ఆ కాగితాల సంగతి తేలిస్తేనే డబ్బు కడతామని కూడా చెప్పారు. అది చెప్పమని నేను అనలేదు.